మామిడి చెట్టు ఎవరిది?

మన కావ్యాలలో మామిడికి చిగురుంది, కోయిలుంది, మన్మథుడి బాణమైన పువ్వుంది. కాయ కనిపించడం అరుదు. కాయ కోసిన మనిషి మరీ అరుదు. యంత్రయుగానికి ముందటి పల్లెను చిత్రించే మన నవలాకారులు సైతం ఈ వారసత్వం నుంచి పూర్తిగా బయటపడలేదని నా అభిప్రాయం. వారి పల్లెలో తోటల నీడ, పాడి, అందరికీ అన్నం ఉంటాయి. అది ఏ కాలపు పల్లె, ఎవరి పల్లె అని మనం అడగడం లేదు. నూజివీడు ప్రాంతాన్ని దృష్టిలో పెట్టుకుని ఆ ప్రశ్న అడగదలచాను.

ఈనాడు నూజివీడు అనగానే రసాలు, బంగినపల్లి, లారీలు స్ఫురిస్తాయి. ఈ దృశ్యాన్ని యథాతథంగా 1830 ప్రాంతానికి తీసుకుపోకూడదు. పండు నాలుగైదు రోజుల సరుకు. ఎద్దుబండి రోజంతా నడిస్తే ఆరేడు కోసులు. 1890 దశకంలో బెజవాడ, ఏలూరు మీదుగా రైలు నడిచేవరకు ఇక్కడి పండు దూరపు పట్నం ముఖం చూసే వీలు లేదు. (నూజివీడు పేరు పెట్టుకున్న స్టేషను ఊరికి ఎంత దూరమో ఆ దారిన పోయినవారికి తెలుసు.) అంతకుముందు తోటలు టెంక నాటి పెంచినవే ఎక్కువ. ఒక చెట్టు కాయ తీపి, పక్క చెట్టుది పులుపు. ఆ రోజుల్లో మామిడి వర్తకపు పంట కంటే ముందు తిండి.

ఎవరి తిండి, ఏ నెలలో? ఇది మెట్ట సీమ. 1852-55 మధ్య బెజవాడ వద్ద కృష్ణకు ఆనకట్ట కట్టినప్పుడు కాలువలు పల్లానికి పారాయి. మెట్టకు చెరువూ వానా తప్ప దిక్కులేదు. జొన్న, సజ్జ, ఆరిక పండేవి. వరి అన్నం పండగనాటి మాట. పాలేరు ఇంట గింజలు ఎండాకాలానికి అడుగంటేవి. సరిగ్గా అప్పుడే మామిడి కాపుకొచ్చేది. అంబలిలోకి పచ్చికాయ ముక్క, రాలిన కాయలతో ఎండబెట్టిన ఒరుగులు, కడకు టెంకలోని జీడి. ఆ జీడిని నానబెట్టి, వగరు పోయేలా నీళ్ళు మార్చి, ఎండబెట్టి, విసిరి పిండి చేసేవారు. ఇది కరువు తిండి. మా వైపు ముసలమ్మలు ఈ పనిని వివరించేటప్పుడు గొంతు తగ్గించడం నేను విన్నాను. అటువంటి తిండి తిన్నామని చెప్పుకోవడం పరువు తక్కువ.

ఆవకాయ సంగతి వేరు. దాన్ని అనాది తెలుగు సంపదగా పొగుడుతాం గాని, మిరపకాయ అమెరికా ఖండం నుంచి పోర్చుగీసు ఓడల కాలంలో వచ్చింది. నూనె, ఆవాలు, కారం, ఉప్పు నాలుగూ సమకూరిన ఇంట్లోనే జాడీ నిండుతుంది. ఉప్పుకు 1805లో కంపెనీ గుత్తాధికారం తగులుకుంది. అంతవరకూ తీరం నుంచి ఉప్పును పెరికెద్దుల మీద ఎగువకు మోసిన లంబాడీల బతుకూ క్రమంగా చితికింది. ఒరుగుకు ఎండ చాలు. ఒకే చెట్టు కాయ ఒక ఇంట ఊరగాయ, మరో ఇంట ఒరుగు ఎందుకయిందో చెప్పగల కథ మనకింకా రావలసే ఉంది.

“స్వయంసమృద్ధ గ్రామం” అన్న మాటను కూడా ఇక్కడే పరీక్షించాలి. బందరులో 1611లోనే ఇంగ్లీషువారి వర్తకశాల వెలసింది. సాలెవారు నేసిన బట్ట సముద్రాలు దాటింది. సాలె ఇంటి గంజి మాత్రం దాటలేదు. ఊరి లోపల కమ్మరి, వడ్రంగి, చాకలి, మంగలి కళ్ళంలో మేర తీసుకునేవారు. మాల మాదిగలకు మేరతో పాటు వెట్టి కూడా ఉండేది. కోతకు ముందు అంచనాదారులు వచ్చి చేను చూసి దిగుబడి తేల్చేవారు. తేల్చిన దానిలో సగం సర్కారుదని కాగితం మీద మాట. కళ్ళంలో జరిగేది వేరు. 1802 శాశ్వత పైసలా కంపెనీకి జమీందారు కట్టవలసిన పేష్కషును స్థిరపరిచింది. రైతు కట్టవలసినదానికి అటువంటి హద్దు పెట్టలేదు.

1832-33 నందన కరువు వచ్చింది. గుంటూరు జిల్లాలో ఐదు లక్షల మందిలో లక్షన్నరకు తగ్గకుండా చచ్చిపోయారు. కృష్ణకు ఇవతలి ఒడ్డునా బాధ తప్పలేదు. చావుల లెక్క కంపెనీ రాసుకుంది, శిస్తు బకాయి కోసం. బతికినవారు ఏం తిని బతికారో రాయడం దాని పని కాదు.

మెకంజీ సేకరింపజేసిన కైఫియత్తులు మనకు పెన్నిధి. కావలి సోదరుల శ్రమకు నేను నమస్కరిస్తాను. కానీ వాటిలో మాట్లాడేది ఎక్కువగా కరణం, పూజారి. దేవాలయం, మాన్యం, వంశం, చెరువు వస్తాయి. జీడి విసిరిన తిరగలి రాదు. కనుక సామెతలూ, దంపుళ్ళ పాటలూ, వంటిళ్ళ అలవాట్లూ మనకు ఆకరాలు కావాలి. వాటిని జానపద వినోదంగా అచ్చువేసి ఊరుకోవడం విమర్శకుల బద్ధకం.

ఇక చెట్టు ఎవరిది? 1908 మద్రాసు ఎస్టేట్ల భూమి చట్టం 12వ సెక్షను చదవండి. చట్టం వచ్చాక రైతు తన కమతంలో నాటిన చెట్టును అతను అనుభవించవచ్చు, నరుక్కోవచ్చు. ఏ ఒడంబడికా, ఏ ఆచారమూ అడ్డురావు. అప్పటికే ఉన్న చెట్ల మీద మాత్రం పాత ఆచారాన్నిబట్టీ, రైతు రాసిచ్చిన కాగితాన్నిబట్టీ జమీందారుకు మిగిలిన హక్కులు మిగిలాయి. అంటే తాత నీళ్ళు పోసి పెంచిన చెట్టు మనవడిదని రూఢిగా చెప్పలేని రోజులవి. 1948లో ఎస్టేట్ల రద్దు చట్టం దాకా ఈ తగవు నడిచింది. కమతమే లేని పాలేరుకు ఆ సెక్షనులో చోటు లేదు. గాలివాన మర్నాడు అతని పిల్లలు రాలిన కాయలు ఏరుకోవాలంటే తోట కాపలావాణ్ణి అడగవలసిందే.