అమ్ముగూడ నుంచి బి.ఎన్.ఆర్. దాకా: తులసీదాస్ బలరాం గోల్స్ కొట్టిన కాలం

పోస్టు కాస్త పొడుగైంది, ఓపిక చేసుకుని చదవండి. మొన్న ఆదివారం పిల్లల ఆటల పోటీల కోసం హాలు గోడ మీద క్రీడాకారుల ఫోటోలు పెడదామని అనుకున్నాం కదా. కుర్రాళ్లు మెస్సీ, రొనాల్డో, సునీల్ ఛెత్రీ పేర్లు చెప్పారు. వెనక కూర్చున్న ఒక పెద్దాయన "బలరాం ఫోటో పెట్టరేటి?" అని అడిగారు. పక్కనుంచి ఇంకొకరు "ఆయన మనోడేటి? హైదరాబాదోడు, ఆడింది కలకత్తాకి" అన్నారు. అక్కడితో మాట ఆగిపోయింది, ఎవరూ జవాబు చెప్పలేదు. మేమూ చెప్పలేదు. ఇంటికొచ్చాక ఆ ప్రశ్న మమ్మల్ని వదల్లేదు, అందుకే ఇది రాస్తున్నాం.

బలరాం పుట్టింది 1936 అక్టోబరులో, సికింద్రాబాద్ దండు ప్రాంతంలోని అమ్ముగూడ అనే ఊళ్లో. మనకి ఆ ఏడాది ఇంకో విధంగా గుర్తు. ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి, మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న మన బరంపురం అటు వెళ్లింది. మన పెద్దలు లంజిపల్లిలో ఇల్లు మారకుండానే రాష్ట్రం మారారు. బలరాం సంగతి ఇంచుమించు దానికి తిరగబడ్డట్టు ఉంటుంది. ఆయన ఊరు మారారు, రాష్ట్రం మారారు, చివరికి ఏ రాష్ట్రం లెక్కలోనూ గట్టిగా నిలవలేదు.

ఇంట్లో లేమి. ఫుట్‌బాల్ బూట్లు కొనే స్తోమత లేదు. పోలీసులు వాడి పారేసిన పాత బూట్లను చెప్పులు కుట్టే ఆయన దగ్గరికి తీసుకెళ్లి, అమ్మని బతిమాలి తెచ్చిన 2 రూపాయలతో ఆట బూట్లుగా కుట్టించుకున్నారని చెబుతారు. 1950ల మధ్యలో ఆర్మీ కంబాట్ ఫోర్స్ జట్టుకి హైదరాబాద్ లీగ్‌లో ఆడుతుంటే సయ్యద్ అబ్దుల్ రహీం కంట్లో పడ్డారు. రహీం సాబ్ అంటే మామూలు మనిషి కాదు. ఆయన చేతిలో ఉన్న హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదు సార్లు బొంబాయి రోవర్స్ కప్ ఎత్తుకుపోయింది. అలాంటి మనిషి శిక్షణకి రమ్మంటే, అంత దూరం రోజూ రావడానికి డబ్బు లేదని కుర్రాడు వెనకాడాడు. సైకిల్ ఖర్చు రహీం సాబే చూసుకున్నారు. దేశంలోని గొప్ప ఫార్వర్డ్‌లలో ఒకరు ఒక అద్దె సైకిల్ దగ్గర ఆగిపోయే ప్రమాదం అప్పుడు నిజంగానే ఉంది. మన పిల్లల్లో ఎంతమంది ఆటో ఛార్జీల దగ్గర ఆగిపోయారో మనకి తెలియనిది కాదు.

హైదరాబాద్ సిటీ పోలీస్‌లో చేరిన కొద్దికాలానికే 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్ జట్టులో చోటు దొరికింది. ఇండియా నాలుగో స్థానంలో నిలిచిన ఒలింపిక్స్ అవి. ఆ రోజుల్లోనే హైదరాబాద్ రాష్ట్ర జట్టు వరుసగా రెండు సంతోష్ ట్రోఫీలు గెలిచింది, రెంటిలోనూ ఆయన ఉన్నారు.

ఇక్కడ ఒక సంగతి చెప్పుకోవాలి. ఇప్పటి పిల్లలు ప్రొఫెషనల్ అంటే కోట్ల కాంట్రాక్టు అనుకుంటారు. అప్పట్లో మన దేశంలో ఆటగాళ్లందరూ కాగితం మీద అమెచ్యూర్లే. ఆటే బతుకుతెరువు, కానీ జీతం ఇచ్చేది పోలీసు శాఖో, రైల్వేనో, ఏదో కంపెనీనో. కలకత్తా పెద్ద క్లబ్బులు ఉండడానికి చోటు చూపి, తిండి పెట్టి, చేతి ఖర్చులు ఇచ్చేవి. కాలు విరిగితే, రోగమొస్తే ఆ తర్వాత సంగతి దేవుడికే తెలుసు. బలరాం క్లబ్బులు మారిన తీరుని ఈ వెలుగులోనే చూడాలి.

1957లో ఈస్ట్ బెంగాల్ కార్యదర్శి జ్యోతిష్ గుహ ఆయన్ని కలకత్తాకి తీసుకెళ్లారు. ఆ క్లబ్బుకి దక్షిణాది ఆటగాళ్లంటే ముందునుంచీ మోజు. వెంకటేశ్, అప్పారావు, ధనరాజ్, అహ్మద్ ఖాన్, సాలే అనే ఐదుగురు ఫార్వర్డ్‌లు ఉన్న కాలంలో 1949, 1950, 1951లో వరుసగా మూడు ఐ.ఎఫ్.ఎ. షీల్డులు గెలిచారు. కలకత్తా వాళ్లు వీళ్లని పంచపాండవులు అన్నారు. ఐదుగురూ దక్షిణాది వాళ్లే. ఆ జాబితాలో అప్పారావు అనే పేరు కనిపిస్తే మనవాళ్ల ముఖాలు ఎలా వెలుగుతాయో వేరే చెప్పాలా! ఆ తరం వెళ్లిపోయి ఖాళీగా ఉన్న చోటికి బలరాం వచ్చారు.

అక్కడ ఆరు సీజన్లు ఆడారు. 104 గోల్స్ కొట్టారు. ఆ అంకె దగ్గర కాస్త ఆగుదాం. అప్పటి దేశవాళీ మ్యాచ్‌లు ఇప్పటిలా 90 నిమిషాలు సాగేవి కావు. కలకత్తా వర్షాకాలంలో లీగు ఆడతారు, మైదానం బురద గుంట. పైగా ఆయన గోలు ముందు కాచుకుని కూర్చునే సెంటర్ ఫార్వర్డ్ కాదు. ఎక్కువగా ఎడమ వైపు ఆడేవారు. వెనక్కి వచ్చి బంతి తీసుకోవడం, ఒకరిద్దరిని తప్పించడం, పక్కవాడికి అందించడం, మళ్లీ పెట్టె దగ్గరికి తానే చేరడం ఆయన పద్ధతి. ముందు వరుసలో ఏ చోట నిలబెట్టినా ఆడేవారు. అలాంటి మనిషి నూరు దాటించారంటే, గోలు దగ్గరే ఉండి 104 కొట్టినవాడికన్నా మేము ఎక్కువ మార్కులే వేస్తాం. ఇది మా అభిప్రాయం, కాదనేవాళ్లు కింద రాయండి.

1958లో ఐ.ఎఫ్.ఎ. షీల్డ్ వచ్చింది. 1960లో డ్యూరండ్ కప్పు మోహన్ బగాన్‌తో కలిసి పంచుకున్నారు. అసలు సంవత్సరం మాత్రం 1961. ఈస్ట్ బెంగాల్ కలకత్తా లీగ్ గెలిచి అప్పటికి తొమ్మిదేళ్లయింది, చివరిసారి 1952లో. అభిమానులు ఎంత ఆకలిగా ఉండి ఉంటారో ఊహించుకోండి. దేశవిభజన తర్వాత తూర్పు బెంగాల్ నుంచి కట్టుబట్టలతో వచ్చినవాళ్ల క్లబ్బు అది. ఊరు పోయినవాళ్లకి ఒక జెర్సీ రంగు ఎంత ఆసరానో సరిహద్దు తెలుగువాళ్లమైన మనకి కొంచెం అర్థమవుతుంది. అలాంటి వాళ్లకి కెప్టెన్ ఒక సికింద్రాబాద్ మనిషి. ఆ సీజన్‌లో లీగ్‌లో 23 గోల్స్ కొట్టి అందరికన్నా పైన నిలిచారు, లీగ్ తెచ్చిపెట్టారు. అదే ఏడాది షీల్డ్ కూడా మోహన్ బగాన్‌తో ఉమ్మడిగా వచ్చింది. ఆ మరుసటి ఏడాది రోవర్స్ కప్పుని ఈస్ట్ బెంగాల్ ఎవరితో పంచుకుందో తెలుసా? ఆంధ్రా పోలీస్‌తో. అంటే ఆయన పాత హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టే, కొత్త రాష్ట్రం వచ్చాక పేరు మారింది.

దేశం తరఫున ఆడిన కథ చాలామందికి తెలిసిందే, క్లుప్తంగా చెబుతాం. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద 2-1తో, పెరూ మీద 3-1తో ఓడిపోయాం, ఆ రెండు మ్యాచ్‌ల్లోనూ ఇండియా గోలు ఆయనదే. 1962 జకార్తా ఏషియన్ క్రీడల్లో రహీం సాబ్ జట్టు స్వర్ణం గెలిచినప్పుడు పి.కె. బెనర్జీ, చునీ గోస్వామి, బలరాం ముగ్గురూ ముందు వరుసలో ఉన్నారు. ఆ ఏడాదే అర్జున అవార్డు.

ఇక మన ఊరికి సంబంధించిన భాగం. 1963లో ఆయన ఈస్ట్ బెంగాల్ వదిలి బి.ఎన్.ఆర్.లో చేరారు. బి.ఎన్.ఆర్. అంటే బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే, మన పెద్దల నోట నానిన మాట. లంజిపల్లి ఓవర్‌బ్రిడ్జి మీద నిలబడి కిందకి చూస్తే కనిపించే పట్టాలు ఒకప్పుడు ఆ కంపెనీవే. 1955లో సౌత్ ఈస్టర్న్ రైల్వే అని పేరు మారినా ఫుట్‌బాల్ జట్టు మాత్రం పాత పేరుతోనే ఆడేది. మన గంజాం, శ్రీకాకుళం తెలుగువాళ్లు ఎంతమంది ఆ రైల్వే ఉద్యోగాలతో ఖరగ్‌పూర్ వెళ్లి స్థిరపడ్డారో మీకు తెలుసు, మీ చుట్టాలే ఉంటారు. వాళ్లని ఖరగ్‌పూర్‌కి లాగినదే ఆయన్ని గార్డెన్ రీచ్‌కి లాగింది: నెల జీతం వచ్చే ఉద్యోగం. కిక్కిరిసిన గ్యాలరీలు వదులుకుని, ఆట అయ్యాక కూడా అన్నం పెట్టే క్లబ్బు చూసుకున్నారు. అందులో తప్పు పట్టడానికి మాకైతే ఏమీ కనిపించలేదు.

ఆ ఏడాది బి.ఎన్.ఆర్. ఐ.ఎఫ్.ఎ. షీల్డ్ గెలిచింది. కానీ అదే ఏడాది ఊపిరితిత్తుల జబ్బు బయటపడింది. వైద్యులు ఆట మానమన్నారు. అప్పటికి ఆయనకి 27 ఏళ్లు కూడా సరిగ్గా నిండలేదు. జూన్‌లో రహీం సాబ్ కేన్సర్‌తో కన్నుమూశారు. అద్దె సైకిల్ ఇచ్చిన గురువు, దాని మీద వచ్చిన శిష్యుడు ఇద్దరూ ఒకే ఏడాది ఆటకి దూరమయ్యారు. ఇప్పటి స్ట్రైకర్లు 27 ఏళ్లకి ఇంకా పైకి ఎక్కుతూనే ఉంటారు. ఆయన ఇంకో ఐదేళ్లు ఆడి ఉంటే ఆ 104 ఎక్కడికి చేరేదో లెక్క వేయడం అనవసరం గానీ, మేము వేశాం, మనసు ఊరుకోక.

తర్వాత కలకత్తా పిల్లలకి ఆట నేర్పారు. హుగ్లీ ఒడ్డున ఉత్తరపాడాలో ఒక్కరే ఉండేవారు. చునీకి 1983లో పద్మశ్రీ వచ్చింది, పి.కె.కి 1990లో వచ్చింది. ఆ ముగ్గురిలో మూడో మనిషికి రాలేదు. దాని మీద ఆయన బాధపడ్డారు, దాచుకోలేదు కూడా. బెంగాల్‌లో ఆయన హైదరాబాదు మనిషి, హైదరాబాద్‌లో కలకత్తా మనిషి. మన పిల్లలకి భువనేశ్వర్‌లో ఒక మాట, విశాఖలో ఒక మాట వినబడుతుంది కదా, అలాగే. 2020లో మార్చిలో పి.కె., ఏప్రిల్‌లో చునీ పోయారు. 2023 ఫిబ్రవరి 16న బలరాం వెళ్లిపోయారు.

"ఆయన మనోడేటి?" అని అడిగిన పెద్దాయనా, మీరు అడిగింది న్యాయమైన ప్రశ్నే. మేము మాత్రం ఫోటో పెట్టాలనే అంటున్నాం, ఛెత్రీ పక్కనే. ఈస్ట్ బెంగాల్ ఎరుపు పసుపు జెర్సీలో ఉన్నవి దొరుకుతున్నాయి. మాకు కావలసింది బి.ఎన్.ఆర్. రోజులది. మీ ఇళ్లలో ఖరగ్‌పూర్‌లో పనిచేసిన తాతల పెట్టెలు ఉంటే ఒకసారి తెరిచి చూడండి. పాత పేపరు కటింగ్ అయినా పరవాలేదు. వచ్చే ఆదివారం లోపు హాలులో అందజేస్తే ఫ్రేము కట్టించే ఖర్చు మేము పెట్టుకుంటాం.