రాయలసీమలో పడవల కాలువ

పేరు చెరిగిపోయిన పాత సరకుల స్టీమరు ఒకటి ఎక్కడో తీరాన ఇసుకలో కూరుకొని కనిపించినదనుకొందాం. అది ఏ ఓడయో తేల్చడం ఎట్లు? పరిశోధకులు ముందు దాని పొడవు, వెడల్పు కొలుస్తారు. బాయిలర్లు ఎన్ని, ఇంజనుకు సిలిండర్లు ఎన్ని అని చూస్తారు. తరువాత ఆ కొలతలను లాయిడ్స్ రిజిస్టరు వంటి పాత ఓడల జాబితాలతో పోల్చుతారు. ఇనుము చెప్పిన సాక్ష్యం, కాగితం చెప్పిన సాక్ష్యం ఒక్కటైనప్పుడు ఓడ పేరు తేలుతుంది. పేరు తేలితే చరిత్ర వెలికి వస్తుంది.

సముద్రానికి దూరంగా ఉన్న కర్నూలు, కడప సీమలలో స్టీమరు శిథిలాలు దొరకవు. కాని సరకుల రవాణాకు కూడా పుట్టి, ఆ సంగతి చాలామంది మరచిపోయిన కట్టడం ఒకటి అక్కడ కలదు. అదే కర్నూలు-కడప కాలువ. జనం దానిని కె.సి. కెనాలు అంటారు. నేడు అది పొలాలకు నీరిచ్చే కాలువ మాత్రమే. ఒకప్పుడు దానిపై పడవలు నడిచినవి. ఓడను గుర్తించిన పద్ధతిలోనే ఈ కాలువను కూడా పరిశీలించవచ్చును.

కట్టడం చెప్పే సాక్ష్యం

తుంగభద్రపై కర్నూలుకు ఎగువన సుంకేసుల వద్ద ఈ కాలువ మొదలవుతుంది. కర్నూలు పట్టణం వద్ద హంద్రీ నదిని అక్విడక్టు మీదుగా దాటుతుంది. అనగా నది క్రింద, కాలువ పైన. మిట్టకందాల వద్ద మెట్టను లోతుగా త్రవ్వి కాలువను అవతలికి తీసికొనిపోయినారు. ఆ మెట్టకు ఒక ప్రక్క పడిన వాన కృష్ణానదికి చేరుతుంది, రెండవ ప్రక్క పడినది పెన్నకు చేరుతుంది. అక్కడినుండి కాలువ కుందూ లోయలోనికి దిగి, నంద్యాల, ప్రొద్దుటూరు ప్రాంతాల మీదుగా కడపకు చేరుతుంది. మొత్తం పొడవు సుమారు 190 మైళ్లు, అనగా 306 కిలోమీటర్లు.

సుంకేసులకూ కడపకూ ఎత్తులో సుమారు 150 మీటర్ల తేడా ఉన్నది. పొలాలకు నీరు పారించడమే పని అయితే ఈ వాలు చిక్కు కాదు. ఎక్కడ నేల దిగితే అక్కడ చిన్న గోడ కట్టి, నీటిని దాని మీదుగా దూకించవచ్చును. పడవ అట్లు దూకలేదు. దానికి లాకు కావాలి.

లాకు అంటే రాతితో కట్టిన పొడవైన తొట్టి. దానికి ఎగువన ఒక జత తలుపులు, దిగువన ఒక జత తలుపులు ఉంటవి. దిగవలసిన పడవ ఎగువ తలుపుల గుండా తొట్టిలోనికి వస్తుంది. ఆ తలుపులు మూసి, తొట్టిలోని నీటిని మెల్లగా దిగువకు వదులుతారు. నీటితోపాటు పడవా దిగుతుంది. తొట్టి మట్టం దిగువ కాలువ మట్టంతో సమానమైనప్పుడు క్రింది తలుపులు తెరుస్తారు. ఎక్కవలసిన పడవకు ఇదే పని తిరుగవేయాలి. తలుపులు మూసినప్పుడు ఎగువవైపు మొనదేలి ఉంటవి. కాబట్టి నీరు నెట్టిన కొద్దీ అవి మరింత బిగిసిపోతవి.

కె.సి. కాలువపై ఇట్టి లాకులు కట్టినారు. పొలాలకు మాత్రమే నీరిచ్చే కాలువకు లాకు దండుగ ఖర్చు. కాబట్టి లాకు ఉన్న కాలువను పడవల కొరకు కూడా కట్టినారని నిశ్చయించవచ్చును.

కాగితం చెప్పే సాక్ష్యం

ఈ కాలువ వెనుక ఉన్న ఆలోచన సర్ ఆర్థర్ కాటన్‌ది. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయి, గోదావరి డెల్టా కాలువలలో నీరూ పడవలూ కలిసి సాగినవి. ఆ విధానాన్నే మెట్టసీమకు విస్తరింపవలెనని కాటన్ వాదించినాడు. తుంగభద్రను పెన్నతో కలిపి, నెల్లూరు వైపు సముద్రతీరం దాకా జలమార్గం ఏర్పరచవలెనని ఉద్దేశం. అది నెరవేరి ఉంటే రాయలసీమ ప్రత్తి పడవలో బయలుదేరి తీరాన స్టీమరు ఎక్కి ఉండేది.

ఈ పనికై 1858లో లండనులో మద్రాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ ఏర్పడినది. పది లక్షల పౌన్ల మూలధనంపై ప్రభుత్వం నూటికి 5 వంతున వడ్డీకి హామీ ఇచ్చినది. కాలువకు లాభం వచ్చినా రాకున్నా వాటాదారులకు వడ్డీ ముట్టుతుంది. ఆ భారం ఈ దేశపు పన్నులపైననే పడింది. కాలువ పూర్తి కాకముందే మూలధనం కరిగిపోయినది. ప్రభుత్వం మరి ఆరు లక్షల పౌన్లు అప్పు ఇవ్వవలసివచ్చింది. 1871లో పని ముగిసినది. కాని కాలువ కడప వద్దనే ఆగినది, సముద్రం చేరలేదు.

ఒక కాలువ, ఇద్దరు యజమానులు

పడవకు కావలసినది లోతైన, నిదానమైన నీరు. అది ఏడాది పొడుగునా ఒకే మట్టంలో ఉండాలి. పొలానికి కావలసినది పారే నీరు. పొలానికి వదిలినకొద్దీ కాలువలో లోతు తగ్గుతుంది. ఈ రెండు అవసరాలూ ఒక్క కాలువలో తీరవలెనంటే వెనుక నిండు జలాశయం ఉండాలి. సుంకేసులలో ఉన్నది ఆనకట్ట మాత్రమే. ఆనకట్ట నీటి మట్టాన్ని ఎత్తి కాలువలోనికి మళ్లిస్తుంది కాని ఎక్కువ నీటిని నిలువచేయదు. వేసవిలో తుంగభద్ర సన్నగిల్లితే కాలువా ఎండవలసినదే. ఏడాదిలో కొన్ని నెలలు మూతబడే దారిని వర్తకులు నమ్ముకొనలేరు.

పైగా కాలువ పూర్తయిన 1871లోనే మద్రాసునుండి కడప, గుంతకల్లు మీదుగా వచ్చిన రైలుమార్గం రాయచూరు వద్ద బొంబాయి మార్గంతో కలిసినది. తరువాత గుంతకల్లు నుండి నంద్యాల మీదుగా బెజవాడకు కూడా రైలు వచ్చినది.

నీటి విషయంలోనూ కంపెనీ లెక్క తప్పినది. ఆ ప్రాంతంలో చాలాభాగం నల్లరేగడి. రేగడి వాన చెమ్మను చాలాకాలం పట్టి ఉంచుతుంది. జొన్న, కొర్ర, ప్రత్తి ఆ చెమ్మతోనే పండుతవి. మాగాణి చేయాలంటే నేల చదును చేయాలి, ఎరువు వేయాలి, కూలీలు కావాలి, ఆపైన నీటి పన్ను కట్టాలి. వాన కురిసే ఏడు రైతు అందుకు సిద్ధపడలేదు. అది అజ్ఞానం కాదు. తన నేల సంగతి ఎరిగినవాని లెక్క.

1876-78 కరువు వచ్చినప్పుడు కాలువ నీటికి గిరాకీ పెరిగినది. కాని కాలువ నీరు జిల్లాలో కొంత భాగానికే అందుతుంది. తిండిగింజలు రైలుస్టేషను దాకా వచ్చినా, మేత లేక ఎద్దులు చచ్చినందున అక్కడినుండి ఊళ్లకు బండ్లు కదలలేదు. 1871-81 సంవత్సరాల మధ్య కర్నూలు జిల్లా జనాభా సుమారు నాలుగింట ఒక వంతు తగ్గినది. వానలు మళ్లీ కురియగానే కాలువ నీటికి గిరాకీ తగ్గినది. 1882లో ప్రభుత్వం కాలువను కంపెనీ నుండి కొనివేసినది.

పడవలు పోయి పంటలు మిగిలినవి

1933లో పడవల రాకపోకలు నిలిచిపోయినవి. అంతటితో కాలువ సేద్యానికే అంకితమైనది. కాలక్రమాన రైతులు కాలువ నీటి పంటలకు అలవాటుపడినారు. బచావత్ ట్రిబ్యునల్ ఈ కాలువకు 39.9 టి.ఎం.సి.ల నీరు కేటాయించినది. దీని ఆయకట్టు సుమారు 2 లక్షల 65 వేల ఎకరాలు. కుందూపై రాజోలి ఆనకట్ట, పెన్నపై ఆదినిమ్మాయపల్లె ఆనకట్ట ఈ ఏర్పాటులో భాగాలు. సుంకేసుల పాత ఆనకట్ట స్థానంలో బారేజీ వచ్చినది. పోతిరెడ్డిపాడు, బనకచెర్ల మీదుగా శ్రీశైలం నీరు కూడా ఈ కాలువకు అందే ఏర్పాటు జరిగినది. పడవల కాలంలో లేని జలాశయపు అండ ఈ విధంగా ఆలస్యంగా లభించినది.

కట్టినవారికి నష్టం తెచ్చిన కాలువ, వారు పోయిన తరువాత సీమకు అన్నం పెట్టినది. ఊరి ప్రక్కనున్న పాత వంతెననో, తూమునో, ఆనకట్టనో చూచినప్పుడు విద్యార్థులు రెండు ప్రశ్నలు వేసికొనవచ్చును. దీని ఆకారం ఏ పనికి తగి ఉన్నది? దానిని గురించి కాగితాలు ఏమంటున్నవి? రెండు జవాబులూ కలిసిన చోట ఆ ఊరి చరిత్ర దొరుకుతుంది.