టార్పాలిన్ కింద వడదెబ్బ పాఠం

1971లో తూర్పు పాకిస్తాన్ నుంచి ప్రాణాలు అరచేత పట్టుకుని వచ్చిన శరణార్థులతో పశ్చిమ బెంగాల్ సరిహద్దులోని బన్‌గావ్ ఆసుపత్రి నిండిపోయింది. పైగా కలరా. సెలైన్ చాలలేదు. డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు, వంటసోడా కలిపిన నీళ్లను డ్రమ్ముల్లో పోయించి, పట్టించే పని రోగుల వెంట ఉన్న బంధువులకే అప్పగించారు. దాదాపు 30 శాతంగా ఉన్న మరణాలు 4 శాతం లోపుకు దిగాయి.

ఆ నేర్పునే 1980 నుంచి పదేళ్లపాటు బ్రాక్ సంస్థ బంగ్లాదేశ్‌లో కోటికి పైగా ఇళ్లకు మోసుకెళ్లింది. మూడువేళ్ల చిటికెడు ఉప్పు, గుప్పెడు బెల్లం, అర సేరు నీళ్లు. నేర్పిన పద్ధతి కన్నా పరీక్షించిన పద్ధతి గొప్పది. కొన్ని వారాల తర్వాత వేరొకరు కొన్ని ఇళ్లకు వెళ్లి, తల్లి ఎంత గుర్తుపెట్టుకుందో అడిగి చూసేవారు. ఆమె జవాబును బట్టే నేర్పిన కార్యకర్తకు జీతం. హాజరు పట్టీలో వేలిముద్రలకు విలువ లేదు.

శరణార్థులకు ఎండల గురించి నడిపే కార్యశాలలను ఈ గీటురాయి మీదే పరీక్షించాలి. అలా చూస్తే చాలావాటిలో పాఠం సగమే కనిపిస్తుంది.

కాక్స్‌బజార్‌నే తీసుకుందాం. 2017 ఆగస్టు 25 తర్వాత మయన్మార్ నుంచి ఏడు లక్షలమందికి పైగా రోహింగ్యాలు అక్కడికి చేరారు. ఇప్పుడు శిబిరాల్లో పది లక్షలకు పైనే ఉన్నారు. పక్కా కట్టడాలకు బంగ్లాదేశ్ ప్రభుత్వం ఒప్పుకోదు కాబట్టి వెదుళ్లు, టార్పాలిన్లే గోడా కప్పూ. రెంటచింతల ఎండ చూసిన పల్నాటి మనిషి అక్కడి ఉష్ణోగ్రత అంకె విని ‘ఇంతేనా’ అనుకోవచ్చు. కాకినాడ ఉక్కపోత ఎరిగినవారు అనరు. గాలిలో తేమ ఎక్కువైతే చెమట ఆరదు, చెమట ఆరకపోతే ఒళ్లు చల్లబడదు.

ఇలాంటిచోట మామూలు సలహాలు ఎంతవరకు పనికొస్తాయి? ‘నీళ్లు ఎక్కువ తాగండి’ అంటారు. మరుగుదొడ్డి దూరమై, అదీ పదిమందితో పంచుకోవలసి వస్తే ఆడవాళ్లు నీళ్లు తాగడమే తగ్గించుకుంటారు. ‘మధ్యాహ్నం ఇంటిపట్టున ఉండండి’ అంటారు. ఆ ఇల్లే కాగుతున్న పెనం. పరదా కోసం కిటికీ సందులు మూసుకున్న స్త్రీకి బయటికంటే లోపలే ప్రమాదం. ‘ఫ్యాన్ వేసుకోండి’ అనే మాటకూ హద్దుంది. 40 డిగ్రీలు దాటాక ఫ్యాను ఒంటికి వేడిని పెంచవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థే హెచ్చరిస్తోంది.

కాబట్టి పాఠాన్ని చేతిపనిగా మార్చాలి. రోహింగ్యా భాషకు హనీఫీ లిపి ఉంది, 2018లో యూనికోడ్‌లోకీ ఎక్కింది. కానీ చదవగలిగినవారు కొద్దిమంది. కరపత్రాలు పంచి చేతులు దులుపుకునేవారు ఇది గమనించరు. బొమ్మలు, ఆడియో, అన్నిటికన్నా ముఖ్యంగా తమ భాషలోనే చెప్పే రోహింగ్యా మహిళ కావాలి. తల తిరిగి నీరసపడిన మనిషికీ, పొంతన లేకుండా మాట్లాడుతున్న మనిషికీ తేడా గుర్తుపట్టడం ఆమె నేర్పాలి. మొదటివారికి నీడ, నీళ్లు, ఓఆర్ఎస్. రెండోవారిది వడదెబ్బ. ఒంటిని తడిపి, విసురుతూ, ఆసుపత్రికి తరలించాలి. స్పృహ లేనివారి నోట్లో నీళ్లు పోయకూడదు. దీన్ని ఒకరిమీద ఒకరు చేసి చూపించుకుంటేనే చెయ్యి తిరుగుతుంది.

హెచ్చరిక చేరవేయడానికి కొత్త యంత్రాంగం అక్కర్లేదు. తుపాను వస్తే జెండాలెగరేసి చాటే వాలంటీర్లు ఆ శిబిరాల్లో ఇప్పటికే ఉన్నారు. వేడికి హోరుగాలి ఉండదు కనుక ఎవరూ ఉలిక్కిపడరు. ఆ లోటు తీర్చగలిగింది వాళ్లే.

ఇదంతా ఎక్కడో దూరపు సంగతి కాదు. హైదరాబాద్ బాలాపూర్, షాహీన్‌నగర్ పరిసరాల్లో వేలమంది రోహింగ్యాలు గుడిసెల్లో బతుకుతున్నారు. చెత్త ఏరుకునేవారు, అడ్డా కూలీలు వాళ్లలో ఎక్కువ. ఎండ ముదిరిందని పని మానుకుంటే ఆ పూట కూలి పోతుంది. తెలంగాణ 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది. 2028కల్లా 300 చదరపు కిలోమీటర్ల కప్పులను చల్లబరచాలన్నది లక్ష్యం. ప్రభుత్వ భవనాలకు, పెద్ద ఇళ్లకు అది తప్పనిసరి, చిన్న ఇళ్లకు ఐచ్ఛికం. అన్నిటికన్నా ఎక్కువ కాగే కప్పులు ఆ ‘ఐచ్ఛికం’లోనే ఉండిపోయాయి. గుడిసెలైతే లెక్కలోకే రావు. అదే నగరంలో 2017లో దేవరకొండ బస్తీలో పాతిక పేద ఇళ్లపై చల్లటి పొర పరిచి చూస్తే లోపలి వేడి సగటున 2 డిగ్రీలు తగ్గింది. పరిచే పొరకు కాంక్రీటు స్లాబే అక్కర్లేదు. గుడిసెల మీదా పరిచి చూడవచ్చు.

కార్యశాలలకు డబ్బిచ్చే సంస్థలు బడ్జెట్లో రెండు పద్దులు తప్పక రాయించాలి: కప్పు మీద పరిచే సామగ్రికి ఒకటి, నెల తర్వాత ఇంటింటికీ వెళ్లి చూసివచ్చే మనిషి జీతానికి ఒకటి. ఈ రెండూ లేని ప్రతిపాదనను వెనక్కి పంపాలి.