ఇచ్చిన నీరు, ఇవ్వని నీరు

మాది నిజామాబాదు జిల్లాలో గోదావరికి చేరువనున్న ఏర్గట్ల. పసుపు పండించుకొని బ్రతికే ఊరు. 2016లో మండల కేంద్రమైంది. చైత్ర పూర్ణిమ సమీపించగానే కొండగట్టు అంజన్న దర్శనానికి కాలినడకన పోయే దీక్షాపరులు ఆర్మూరు, మెట్‌పల్లి, జగిత్యాలల మీదుగా సాగే పెద్దరోడ్డు వెంట బారులు తీరి నడుస్తుంటారు. అక్కడక్కడ చెట్లక్రింద ఎవరో ఒకరు రంజన్లు పెట్టి నీళ్ళు, మజ్జిగ అందిస్తుంటారు. ఉద్యోగ విరమణ తరువాత నేనుకూడా కొన్ని వేసవులు గిలాస పట్టుకొని ఆ చలివేంద్రాలలో నిలబడ్డాను. ఆ అనుభవమొక్కటే అర్హతగా, 2022 నవంబరు 13న గోవాలో జరిగిన ఒక సుదీర్ఘమైన పందెంలో నీళ్ళందించే స్వచ్ఛంద సేవకునిగా చేరాను. తెలుగు పండితునికి అక్కడేమి పని అని చదువరులు నవ్వవచ్చును. ఆ పనిలో నాకు కనిపించిన చరిత్రను చెప్పడానికే ఈ నాలుగు మాటలు.

ఈత, సైకిలు, పరుగు - ఈ మూడింటినీ విరామం లేకుండా ఒకదాని వెంట ఒకటిగా పూర్తిచేసే పోటీని ట్రయథ్లాన్ అంటారు. నేను దానిని ముప్పేట పందెం అని పిలుచుకొంటున్నాను. గోవాలో 2019 అక్టోబరు 20న మొదటిసారి జరిగిన ఐరన్‌మ్యాన్ 70.3 పోటీలో పాల్గొనేవారు మిరామార్ తీరంలో 1.9 కిలోమీటర్లు ఈది, 90 కిలోమీటర్లు సైకిలు తొక్కి, ఆపైన 21.1 కిలోమీటర్లు పరుగెత్తాలి. మొత్తం 70.3 మైళ్ళు కాబట్టి ఆ పేరు. ఎనిమిదిన్నర గంటలలో గమ్యం చేరనివారి పేరు ఫలితాలకు ఎక్కదు. మా చెల్లెలి కొడుకు హైదరాబాదులో ఉద్యోగి. ఈ పందెంలో పేరు నమోదు చేసుకొని, "మామా, నువ్వూ రా" అన్నాడు. ఊరికే చూస్తూ కూర్చోవడం చేతగాక నేను సేవకులలో చేరాను.

ఇటువంటి దీర్ఘపందేల చరిత్ర తిరగవేస్తే మొదట కనిపించేది దాహమే. 1904 ఆగస్టు 30న అమెరికాలోని సెయింట్ లూయిస్ ఒలింపిక్ మారథాన్‌లో 32 మంది బయలుదేరితే 14 మంది మాత్రమే గమ్యం చేరారు. మండుటెండ, ముందు పోయే మోటారుబండ్లు లేపే దుమ్ము, వీటికితోడు నీటి ఎద్దడి. నిర్వాహకులలో ముఖ్యుడైన జేమ్స్ సల్లివాన్‌కు దాహం మనిషిని ఏమి చేస్తుందో పరీక్షించి చూడాలన్న ఆలోచన ఉండేదట. గెలిచిన థామస్ హిక్స్ నీళ్ళిమ్మని అడిగితే అతని సహాయకులు ఇవ్వక, తడిస్పాంజితో నోరు తుడిచి, కోడిగ్రుడ్డు తెల్లసొనలో స్ట్రిక్‌నైన్ అనే విషాన్ని ఉత్తేజకంగా కలిపి త్రాగించారు. ఆ మనిషి బ్రతికి బయటపడడమే విశేషం.

దీనికి విపర్యయంగా 1908 జులై 24న లండనులో మరొకటి జరిగింది. ఇటలీకి చెందిన డొరాండో పియెత్రి అందరికంటె ముందుగా క్రీడాస్థలంలో ప్రవేశించాడు గాని పలుమార్లు పడిపోయాడు. చూడలేక అధికారులు అతనిని లేపి నిలబెట్టి గీత దాటించారు. పరుల సాయంతో దాటినందువల్ల అతనిని అనర్హునిగా ప్రకటించి జానీ హేస్‌కు బహుమతి ఇచ్చారు. మరునాడు అలెగ్జాండ్రా రాణి డొరాండోకు ఒక వెండి కప్పును బహూకరించి ఓదార్చింది. సాయం చేయకపోతే ఒక ప్రమాదం, హద్దుమీరి చేస్తే మరొక నష్టం. ఈ రెండింటి నడుమ ఉన్న సన్నని దారే సేవకుని దారి.

ముప్పేట పందెం ఆధునిక రూపంలో పుట్టింది 1974 సెప్టెంబరు 25న, కాలిఫోర్నియా రాష్ట్రంలోని సాన్ డియేగో పట్టణంలో. జాక్ జాన్‌స్టన్, డాన్ షానహన్ అనే ఇద్దరు పరుగు ప్రియులు ఏర్పాటుచేసిన ఆ సాయంకాలపు పోటీలో 46 మంది పాల్గొన్నారు. చీకటి పడి ఈతగాళ్ళకు ఒడ్డు తెలియకపోతే కార్లను నీళ్ళవైపు త్రిప్పి దీపాలు వెలిగించారట. ఆ కార్లు ఎవరివో, దీపాలు వేసినదెవరో మనకు తెలియదు.

ఆనాడు పాల్గొన్నవారిలో జాన్ కాలిన్స్ అనే నౌకాదళ అధికారి, అతని భార్య జూడీ ఉన్నారు. వారే 1978 ఫిబ్రవరి 18న హవాయి దీవులలోని ఒవాహులో 3.8 కిలోమీటర్ల ఈత, 180 కిలోమీటర్ల సైకిలు, 42.2 కిలోమీటర్ల పరుగు కలిపి మొదటి ఐరన్‌మ్యాన్ నడిపారు. 15 మంది బయలుదేరి 12 మంది ముగించారు. అప్పటికి దారి పొడుగునా నీళ్ళ బల్లలు లేవు. ఎవరి నీళ్ళు, ఎవరి తిండి, ఎవరి సహాయకులు వారివే. జాన్ డన్‌బార్ అనే పోటీదారుని వెంట వచ్చిన మిత్రుల దగ్గర నీళ్ళు అయిపోతే బీరు అందించారట. అతడు రెండవ స్థానంలో నిలిచాడు. గెలిచిన గార్డన్ హాలర్‌కు పట్టిన సమయం 11 గంటల 46 నిమిషాల 58 సెకన్లు. ఆయనకు నీళ్ళు ఎవరిచ్చారో అడిగేవారు లేరు గాని, డన్‌బార్‌కు నీళ్ళు అయిపోయిన ముచ్చట మాత్రం నేటికీ చెప్పుకొంటారు.

1981లో పోటీ అదే దీవులలోని కోనా ప్రాంతానికి మారింది. 1982 ఫిబ్రవరిలో జూలీ మాస్ అనే విద్యార్థిని గమ్యానికి కొద్దిదూరంలో కూలిపోయి, ప్రాకుతూ గీత దాటిన దృశ్యాన్ని టెలివిజన్‌లో చూసి లోకం ఈ పందెంవైపు తిరిగింది. పాల్గొనేవారు పెరిగేకొద్దీ ఎవరి సహాయకులను వారు తెచ్చుకొనే పద్ధతి పోయింది. నిర్ణీత స్థలాలలో అందరికీ సమానంగా అందించే స్వచ్ఛంద సేవకులు వచ్చారు. ఇప్పుడు కోనాలో వారి సంఖ్య వేలలో ఉంటుంది. బయటివారు ఎవరూ, కన్నతల్లి అయినా సరే, పోటీదారునికి సాయం చేయరాదు. సేవకుడు ఇచ్చేది మాత్రం అందరికీ ఒక్కటే.

గోవాలో మాకు నేర్పిన విద్య స్వల్పమే. గ్లాసును అరచేతిలో నిలిపి చేయి చాచాలి. అందులో ఉన్నది నీళ్ళో లవణజలమో గట్టిగా చెప్పాలి. పరుగు ఆపించరాదు. వద్దన్నవారిని బలవంతపెట్టరాదు, అతిగా త్రాగినా రక్తంలో ఉప్పు పలుచబడి ప్రాణం మీదికి వస్తుంది. మధ్యాహ్నం ఉక్కపోతలో వందలమంది నా చేతినుంచి గ్లాసు లాక్కొని పోయారు. ముఖం చూసినవారు తక్కువ. ఎండ వాలుతుండగా మా మేనల్లుడు వచ్చాడు. పరుగు కాదు, తూలుతూ నడక. పెదవులు తెల్లబడ్డాయి. వాని భుజం పట్టుకొని నాలుగడుగులు నడిపించాలని నా చేతులు ముందుకు పోయాయి. డొరాండో గుర్తుకు వచ్చాడు. గ్లాసు చాచి, "నీళ్ళు" అని మాత్రం అన్నాను. త్రాగి వెళ్ళిపోయాడు.

గడువుకు కొన్ని నిమిషాలు ముందుగా గీత దాటాడు. రాత్రి భోజనాల దగ్గర, "మామా, ఇంతకూ నువ్వెక్కడ నిలబడ్డవ్? నేను చూడనే లేదు" అన్నాడు. మా చెల్లెలు నొచ్చుకొంది. నాకు మాత్రం మనసు తేలికపడింది. ఎందుకో చెప్పాలంటే ఒక పాత తప్పును ఒప్పుకోవాలి.

1987లో నేను పనిచేసిన ఒక పల్లె బడిలో పిల్లలకు దూరపు పరుగు పెట్టారు. గడియారం నా చేతికిచ్చారు. చెరువుకట్ట దాకా పోయి తిరిగివస్తున్న ఒక పిల్లవాడు బోరింగు దగ్గర ఆగి నీళ్ళకు వంగాడు. పరుగులో నీళ్ళు త్రాగితే డొక్క పట్టేస్తుందని ఆనాడు అందరం నమ్మేవాళ్ళం. నేను వాని చేయి పట్టి లాగి, "ఉరుకు" అన్నాను. బడి గేటు దగ్గర పడిపోయాడు. తెలివి వచ్చేవరకు నా ప్రాణం నాలో లేదు. సెయింట్ లూయిస్ పేరైనా నాకప్పుడు తెలియదు. అక్కడి ఆలోచన ఎనభై మూడేండ్లకు మా బోరింగు దాకా ఎట్లా వచ్చిందోనని ఇప్పుడు ఆశ్చర్యం కలుగుతుంది.

ఆ పిల్లవాడు ఇప్పుడు పసుపు రైతు. కొన్నేండ్ల క్రిందట సంతలో కలిసి, నవ్వుతూనే, "సార్, ఆనాడు బోరింగు కాడ నన్ను గుంజినరు, యాదికున్నదా?" అన్నాడు. నేను చెప్పిన పద్యాలలో ఒక్కటీ వానికి జ్ఞాపకం లేదు. ఇవ్వని నీరు మాత్రం జ్ఞాపకమున్నది. ఇచ్చిన నీరు మా మేనల్లునికి జ్ఞాపకం లేదు. చరిత్ర గ్రంథాల ధోరణి కూడా ఇదే అనిపిస్తుంది. కరవు నమోదవుతుంది, కడుపు నిండిన దినం నమోదు కాదు.

మా ఊరికి దిగువన, గోదావరి ఒడ్డుననే ఉన్న కోటిలింగాలలో శాతవాహనుల నాణేలు దొరికాయి. ఆ వంశపు హాలుడు కూర్చినదని చెప్పే గాథాసప్తశతిలో ఒక చలిపందిరి ఉంది. బాటసారి నీళ్ళు పోసే పిల్లను ఇంకొంతసేపు చూడాలని వ్రేళ్ళు ఎడంచేసి త్రాగుతాడు. ఆమె ధారను సన్నగిల్లజేస్తుంది. శృంగారమని తరగతిలో దాటవేసిన గాథ అది. ఇప్పుడు చదివితే నాకు కనిపించేది ధారను తగ్గించిన ఆ చేయి. త్రాగేవాని ఓపికను కనిపెట్టి పోయడం ఆమెకు తెలుసు. ఆమె పేరు హాలుడు చెప్పలేదు.

వచ్చే చైత్రంలో రోడ్డు ప్రక్కన మళ్ళీ రంజన్లు పెడతాము. ఆ పసుపు రైతు నీళ్ళ ట్యాంకరు తన వంతు అన్నాడు. త్రాగినవారు మమ్మల్ని మరచిపోతే అదే చాలును.

స్వస్తి.