తడబడు మాటలో హాస్యము

రెండు భాషల నడుమ కాపురముండువారికి హాస్యమునకు కొదువ లేదు. మనలో తమిళదేశమున స్థిరపడినవారు ఈ సంగతి బాగుగా ఎరుగుదురు. పెండ్లియింట వడ్డించువాడు కాఫీ తెచ్చెననుకొందము. మన పెద్దాయన తనకు వచ్చిన తమిళమున ‘అవసరం ఇల్లై’ అనును. తనకు అక్కరలేదని ఆయన భావము. తమిళమున ‘అవసరం’ అనగా తొందర. తొందరలేదన్నాడు గదా యని వాడు కొంత తాళి మరల కాఫీ తెచ్చును. ఈయన మరల ఆ మాటయే అనును. వాడు మరల తాళును. ఇద్దరిలో ఒక్కరును అబద్ధమాడలేదు. నవ్వు మాత్రము ప్రక్కన కూర్చుండి రెండు భాషలును తెలిసినవానిది.

టెలివిజన్ హాస్యనాటికలకు మూలబలము ఇట్టి మాటయే. వారము వారము అవే పాత్రలు, అవే నాలుగు గోడలు, అరగంట కాలము. సినిమాలో వలె పరుగులకును, కార్ల వెంటబడుటకును అచ్చట చోటు తక్కువ. రచయిత సంభాషణనే నమ్ముకొనవలెను. పలికిన మాట రెండు దారులుగా చీలవలెను. రెండవ దారిని ప్రేక్షకుడు పాత్రకంటె ఒక్క క్షణము ముందు చూడవలెను. మిక్కిలి ముందుగా చూచెనా, విసుగు. ఆలస్యముగా చూచెనా, అయోమయము.

ఈ పద్ధతినే పెట్టుబడిగా పెట్టి నడచిన నాటిక ‘మైండ్ యువర్ లాంగ్వేజ్’. విన్స్ పవెల్ రచించిన ఈ నాటిక ఇంగ్లండున 1977 డిసెంబరు చివర ప్రారంభమైనది. లండనులో విదేశీయులకు ఇంగ్లీషు నేర్పు రాత్రి తరగతి, జెరెమీ బ్రౌన్ అను సాత్వికుడైన ఉపాధ్యాయుడు, ఇటలీ, స్పెయిన్, జపాను, చైనా, పాకిస్థాను, భారతదేశము మున్నగు చోట్లనుండి వచ్చిన విద్యార్థులు, ఇంతే సరంజామా. క్రొత్తగా భాష నేర్చువానికి నిఘంటువు తెలియును గాని నుడికారము తెలియదు. మన భాషలో ‘వాడు చేతులెత్తేశాడు’ అన్నచో, అట్టివాడు రెండు చేతులను ఆకాశమున వెదకును. తప్పు అతనిది గాదు. అతడు తర్కమునే పాటించెను. అతని తర్కము మన భాషలోని చిత్రమును మనకే బయటపెట్టును. ఆ నాటికలో ఈ రకపు హాస్యము నేటికిని చెడలేదని మా అభిప్రాయము.

కాని అందులో రెండవ రకము కూడ కలదు. పాకిస్థానీయుడును సిక్కును కలసిన కలహింపవలసినదే. జర్మను వనిత కఠినముగా నుండవలసినదే. ఇచ్చట నవ్వు మాటపై గాక మనిషిపై పడుచున్నది. జాతులను మూసలో పోయుచున్నదను విమర్శ ఆ నాటికను వెన్నంటెను. 1979లో అది నిలిచిపోయినది. 1986లో కొంతకాలము మరల తీసిరి.

మన దేశమున 1993లో దూరదర్శన్ మెట్రో ఛానెలులో ‘జబాన్ సంభాల్‌కే’ యను పేర ఇది హిందీ తరగతియై వెలసినది. ఉపాధ్యాయుడు పంకజ్ కపూర్. శిష్యులలో ఆంగ్లేయుడుగా టామ్ ఆల్టర్. చిత్రమేమనగా, టామ్ ఆల్టర్ 1950లో మస్సూరీలో జన్మించి ఉర్దూ, హిందీలను అనర్గళముగా మాటాడినవాడు. చక్కగా వచ్చినవాడే భాషను చక్కగా విరువగలడు. రానివాడు విరిచినచో అది కేవలము గందరగోళము.

మన తెలుగువారికి ఇది క్రొత్త విద్య యేమియు గాదు. 1892లో విజయనగరమున మొదట ప్రదర్శింపబడిన కన్యాశుల్కమున, వెంకమ్మ తన కుమారుని ఇంగ్లీషు వినగోరును. గిరీశము, వెంకటేశము బడిలో వల్లించిన ముక్కలను ఒకరికొకరు సంభాషణవలె అప్పగింతురు. ఆమె మురిసిపోవును. ఆ రంగమున గురజాడ ఇంగ్లీషు రాని తల్లిని పరిహసింపలేదు, వచ్చినట్లు నటించువానిని పరిహసించెను. ఈ భేదము సూక్ష్మమైనదే గాని, సర్వమును దానియందే యున్నది.

మేమింత పట్టుదలతో చెప్పుటకు కారణము గలదు. మా యింటి పిల్లలు సెలవులలో గోదావరి తీరమునకు పోయినపుడు, కన్నడ యాస కలిసిన తెలుగున ‘మా ఊట అయింది’ అనిరి. కన్నడమున ఊట యనగా భోజనము. బావిలో ఊట అయిపోయినదా యని బంధువులు నవ్విరి. మంచి హాస్యమే, పిల్లలును నవ్విరి. మరునాడు వారి యాసను అనుకరించి నవ్విరి. మూడవనాటినుండి పిల్లలు అచ్చట ఇంగ్లీషే మాటాడిరి.

జాన్ క్లీజ్, కోనీ బూత్ రచించిన ‘ఫాల్టీ టవర్స్’ 1975లోను 1979లోను మొత్తము పండ్రెండు భాగములే ప్రసారమైనది. అందు ఇంగ్లీషు అంతంతమాత్రముగా వచ్చిన బార్సిలోనా పరిచారకుడు మాన్యుయేల్. ఆ నాటికను స్పెయినులో ప్రసారము చేయునపుడు ఆ పాత్రను ఇటలీవానిగా మార్చిరి. తమవాడు నవ్వులపాలగుట వారికి రుచింపలేదు కాబోలు! ఆ పాత్ర ధరించిన ఆండ్రూ సాక్స్ స్పెయిన్ వాడు కాడు, పుట్టుకచే ఆంగ్లేయుడును కాడు. 1930లో బెర్లినులో జన్మించి, తండ్రి యూదుడగుటచే 1938లో నాజీలనుండి తప్పించుకొని కుటుంబముతో ఇంగ్లండు చేరినవాడు. ఎనిమిదేండ్ల ప్రాయమున పరాయి బడిలో, పరాయి భాషలో కూర్చున్నవాడు.