వెదురు పువ్వు

2015లో పట్టిసీమ ఎత్తిపోతల పథకం మొదలయ్యాక పోలవరం ప్రాజెక్టు కుడి కాలువలో గోదావరి నీళ్లు వస్తున్నాయంటే మా గన్నవరం వైపు ఊళ్లల్లో ఆడా మగా గట్టెక్కి చూశారు. తర్వాత రైతులు అదే గట్టు మీద మోటార్లు బిగించి చేలకు తోడుకున్నారు. ఎండబోయే పైరు నిలబడింది. ఆ నీళ్లతో మేలు పొందినవాళ్లలో నా వాళ్లూ ఉన్నారు. అందుకే అదే ప్రాజెక్టు కోసం ఊళ్లు వదిలినవాళ్ల కథ నేను చెప్పాలి.

కాలువలో నీళ్లు రాకముందు ఒకసారి గోదావరి మీద పాపికొండలు చూడబోయాను. దేవీపట్నం దాటిందగ్గర్నుంచి నది సన్నబడుతూ, కొండలు లాంచీ మీదికి ఒరిగినట్టు అనిపించింది. పేరంటపల్లి రేవులో దిగి మెట్ట ఎక్కితే చెట్ల నీడన బాలానందస్వామి మునివాటం అనే ఆశ్రమం, శివాలయం. ఆ దారి పక్కన కొండరెడ్లు అనే గిరిజనుల ఆడవాళ్లు వెదురు పువ్వులు అమ్ముతున్నారు. వెదురును తెగిపోకుండా పల్చగా చెక్కి, ఆ పొరలనే రేకులుగా విప్పి, రంగులు అద్దుతారు. ఒకటి కొన్నాను. "నీళ్లు తగలనీకయ్యా, రంగు పోద్ది" అంది అమ్మిన ముసలామె.

ఆ కొండల్లో వాళ్లు పోడు కొట్టి జొన్న, సామ, కంది పండించుకునేవారు. గింజలు అయిపోయిన రోజుల్లో జీలుగు కల్లు, మామిడి టెంకలోని జీడితో కాచిన అంబలి ప్రాణం నిలిపేవి. కొత్తల పండుగ చేసి దేవతకు పెట్టందే కొత్త కాయ కొరికేవారు కాదు. అడవి ఇచ్చినదాన్ని అడిగి తీసుకోవడం వాళ్ల మర్యాద.

ఆ అడవిని అడక్కుండా తీసుకున్నవాళ్లు ముందే వచ్చారు. ఆస్ట్రియాలో పుట్టిన మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ కొండరెడ్ల మధ్య ఉండి, వాళ్ల మీద 1945లో పుస్తకం వేశాడు. కలప వ్యాపారుల అప్పుల్లో చిక్కి సొంత కొండల్లోనే కూలీలైన మనుషులు అందులో ఉన్నారు. అయినా ఊరు మిగిలింది. 1986లో భద్రాచలం దగ్గర గోదావరి 75 అడుగులు దాటినా, వరద తీశాక బురద కడుక్కుని మళ్లీ పొయ్యి వెలిగించుకునే వీలుండేది.

2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర రాయల్ వశిష్ఠ అనే పర్యాటక బోటు మునిగింది. 51 మంది పోయారు. బతికినవాళ్లలో చాలామందిని ఒడ్డుకు చేర్చింది నాటుపడవలేసుకుని ఉరికొచ్చిన ఆ చుట్టుపక్కల గిరిజనులే. కొండలు చూడ్డానికి వచ్చిన మన మైదానం వాళ్లను నీళ్లలోంచి లాగి, తడి బట్టలు విప్పించి పొడి బట్టలిచ్చిన చేతులవి. రెండేళ్లు తిరక్కుండానే అదే నది వాళ్ల గుమ్మాల్లోకి వచ్చింది. పోలవరం దగ్గర ఎగువ కాఫర్ డ్యాం (తాత్కాలిక అడ్డుకట్ట) లేచి, 2021 జూన్‌లో ప్రవాహాన్ని స్పిల్‌వే వైపు మళ్లించారు. వెనక్కి తన్నిన నీరు దేవీపట్నం మండలంలో ఇళ్లను ముంచెత్తింది. గండి పోచమ్మ గుడి నీళ్లలో నిలబడింది. మేకలూ, మూటలూ, దూలాలూ పడవలకెక్కాయి. కొందరు కొండ మీదికి పోయి టార్పాలిన్ కప్పుకున్నారు. తర్వాత చాలామంది పునరావాస కాలనీలకు చేరారు. వరస ఇళ్లు, సిమెంటు రోడ్డు ఉన్నాయి. జీలుగు చెట్టు లేదు. పోడు లేదు. చచ్చిన పెద్దలను పూడ్చిన నేల దూరమైంది.

కొండజాతి ఊరు పోవడం మరోచోటా జరిగింది. చైనాలోని సిచువాన్ కొండల్లో బెయ్‌చువాన్ ఉంది. ఛియాంగ్ అనే కొండజాతి వాళ్ల స్వయంపాలిత కౌంటీ అది. 2008 మే 12న వచ్చిన భూకంపంలో దాని పాత పట్టణం కూలిపోయింది. వేరేచోట కొత్త ఊరు కట్టారు, కూలినదాన్ని కూలినట్టే స్మారకంగా ఉంచారు. జనం వెళ్లి తల వంచి వస్తారు. అది భూమి చేసిన పని. ఇక్కడ పోలవరంలో ఎన్ని మీటర్ల నీటికి ఏ ఊరు పోతుందో కాగితం మీద ముందే లెక్క వేసి ఉంది. లెక్క తెలిసినప్పుడు పునరావాసం నీళ్లకంటే ముందు నడవాలి. చాలాచోట్ల నీళ్లే ముందు నడిచాయి. ఇది క్షమించదగిన తప్పు కాదు.

ప్రాజెక్టు వద్దని నేను అనను. మా చేను తడిపిన నీటిని తిట్టలేను. మొత్తం మీద దాదాపు లక్ష కుటుంబాలు కదలాలి. వాళ్లలో సగానికి పైగా గిరిజనులే. భూమికి భూమి అని చట్టం చెప్పిన మాట వాళ్లకు అందిందా అని అడగాల్సింది ముందు మనం, కాలువ కింద ఉన్నవాళ్లం.

ప్రాజెక్టు మొదటి దశలో 41.15 మీటర్ల దాకా నీరు నిలపాలని నిర్ణయం. పూర్తి మట్టం 45.72. ఆ రెండు అంకెల మధ్యనున్న నాలుగున్నర మీటర్లలో, కూనవరం, చింతూరు, వర రామచంద్రాపురం వైపు ఊళ్లల్లో, ఇవాళ కూడా పొయ్యిలు వెలుగుతున్నాయి.