పాత కెర్నెల్ పీకొద్దు, కొత్తది ఆపొద్దు

లైనక్స్ నడిచే మిషన్లు పది ఉండి, పది తీర్లుగ ఉన్న చోట కెర్నెల్ మార్చుడు అనే మాట తీస్తె రెండు రకాల మనుషులు కనబడ్తరు. ఒకరు "నడుస్తున్నది గదా, ముట్టకు" అనేటోళ్లు. ఇంకొకరు కొత్తది వచ్చిందని తెల్వంగనే అన్నిట్ల ఒక్క రాత్రిల ఎక్కించేటోళ్లు. యూనియన్ ఆఫీసుల, ఊరి లైబ్రరీల, పిల్లలకు కంప్యూటర్ నేర్పే రూముల నాకు ఇద్దరూ మస్తుగ ఎదురైతరు. మొదటోళ్ల మిషన్లకు తాళం ఉండదు. రెండోవాళ్ల మిషన్లు తెల్లారి నల్ల తెర మీద తెల్ల అక్షరాలు చూపెట్టుకుంట నిలవడ్తయి.

ఈ ముచ్చట ఇప్పుడెందుకంటే, 2025 అక్టోబర్ 14తోని విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు బందయింది. విండోస్ 11కు టీపీఎం 2.0 కావాలె, ఇంటెల్ అయితె ఎనిమిదో తరం ప్రాసెసర్ కావాలె. అది లేని మిషన్ ఎంత మంచిగ నడిచినా కంపెనీ లెక్కల ముసలిదే. గసొంటి మిషన్లు ఆఫీసులకెళ్లి బయటికొచ్చి మన లైబ్రరీలకు చేరుతున్నయి. మనం డెబియన్ ఎక్కిస్తున్నం. అదే ఏడాది ఆగస్టుల డెబియన్ 13 వచ్చింది, కెర్నెల్ 6.1 నుంచి 6.12కు దుంకింది, 32 బిట్ పీసీలకు కెర్నెల్ ఇచ్చుడు ఆగింది. అంటే ఒకే రూముల కొన్ని మిషన్లు ముందుకు పోతయి, కొన్ని పోవు. ఏది పోతదో తేల్చాల్సింది మనమే.

కెర్నెల్ ఏందో ఎరుకలేనోళ్ల కోసం ఒక్కమాట. ప్రాసెసర్, మెమరీ, డిస్కు, వైఫై, కీబోర్డు, వీటన్నిటితోని నేరుగ మాట్లాడేది కెర్నెలే. బ్రౌజర్ గానీ లిబ్రేఆఫీస్ గానీ దాన్ని అడిగి పని చేపించుకుంటయి. 1991ల హెల్సింకిల చదువుకుంట లైనస్ టోర్వాల్డ్స్ దీన్ని మొదలువెట్టిండు, 1992ల జీపీఎల్ లైసెన్సు కిందికి తెచ్చిండు. ఇయ్యాల దాంట్ల మూడు కోట్లకు పైన లైన్ల కోడ్ ఉంది, అండ్ల సగానికన్న ఎక్కువ డ్రైవర్లే. తొమ్మిది పది వారాలకొక కొత్త వెర్షన్ వస్తది. వాటిల కొన్నిటిని ఏండ్ల తరబడి మరమ్మతు చేస్తమని పక్కకు తీస్తరు. 5.10, 5.15, 6.1, 6.6, 6.12 గట్ల పక్కకు తీసినయే.

ఇక్కడ ఒక తేడా పట్టుకోవాలె. 6.1లనే చివరి అంకె మారుడు ఒకటి, 6.1 నుంచి 6.12కు పోవుడు ఇంకొకటి. మొదటిది మరమ్మతు. రెండోది ఇల్లు మారుడు. మనోళ్లు రెండింటినీ "అప్‌డేట్" అనే ఒక్క మాటల కలిపి, ఇల్లు మారుడుకు భయపడి మరమ్మతు సుత ఆపుతరు.

మరమ్మతు ఆపితె ఏమైతది? 2016ల డర్టీ కౌ అనే లోపం బయటవడ్డది. అది 2007 నుంచి కెర్నెల్‌ల ఉంది, తొమ్మిదేండ్లు. మామూలు అకౌంటుతోని లోపటికొచ్చినోడు ఆ లోపం పట్టుకుని రూట్ అయి, మొత్తం మిషన్‌కు మాలిక్ కావచ్చు. 2022ల డర్టీ పైప్ సుత అసువంటిదే. అయితె అది 5.8ల కొత్తగ దూరిన లోపం, అంతకన్న పాత కెర్నెళ్లల లేదు. కొత్తదంటెనే భద్రం అనేటోళ్లు ఈ సంగతి సుత యాదికుంచుకోవాలె. దాని మరమ్మతు 5.10.102ల, 5.15.25ల, 5.16.11ల వచ్చింది. అంటే 5.10 మీద ఉన్నోడు 5.16కు ఉరకాల్సిన పని పడలే, చివరి అంకె మారితె సరిపోయింది. పదిమంది పిల్లలు ఒకే అకౌంటుతోని కూసునే లైబ్రరీ మిషన్‌కు ఈ చిన్న మరమ్మతులు ఆలస్యం చెయ్యొద్దు. డెబియన్‌ల "లైనక్స్ ఇమేజ్ ఏఎండీ64" అనే పేరు ప్యాకేజీ ఉందా చూసుకోండ్రి. దాని వెనక అంకెలున్న ఒక్క వెర్షన్‌నే ఎవరన్న ఎక్కించి పెడితె, తర్వాతి కెర్నెళ్లు వాటంతట అవి రావు. అన్నీ అప్‌డేట్ అయినట్టే కనబడ్తది, కెర్నెల్ మాత్రం ఉన్నకాడనే ఉంటది. ఎక్కినంక రీబూట్ చెయ్యకుంటె సుత అంతే. "యూనేమ్ హైఫన్ ఆర్" అని కొడితె ఇప్పుడు నడుస్తున్నది ఏదో చెప్తది. ఎక్కింది ఒకటి, నడిచేది ఇంకొకటి ఉన్న మిషన్లు నేను చూసిన రూములల్ల తక్కువేం లేవు.

ఇగ ఇల్లు మారుడు సంగతి. దీంట్ల ఏది విరుగుతదో ముందే ఎరుక కావాలంటె కెర్నెల్ రాసేటోళ్ల రెండు పద్ధతులు తెల్వాలె. కొత్త కెర్నెల్ వల్ల పాత ప్రోగ్రామ్ ఆగొద్దని టోర్వాల్డ్స్ పట్టిన పట్టు ఉంది. అందుకే డెబియన్ 12ల ఉన్న ప్రోగ్రాములన్నీ అట్లనే ఉంచి, బ్యాక్‌పోర్ట్స్ నుంచి 6.12 కెర్నెల్ ఒక్కటే తెచ్చి నడిపించొచ్చు. కానీ కెర్నెల్ లోపటి అమరికకు గసొంటి హామీ ఏం లేదు. లోపట ఒక గోడ జరిపినోడు, ఆ గోడకు ఆనుకున్న డ్రైవర్లన్నిటినీ తానే సరిచెయ్యాలె. గిట్ల డ్రైవర్ కోడ్ కెర్నెల్‌లనే ఉంటె అది కెర్నెల్‌తోపాటు నడిచొస్తది. బయట ఉన్న డ్రైవర్, అంటే కోడ్ చూపియ్యకుండ కంపెనీ ఇచ్చినది, గోడ జరిగిన రోజు కూలుతది.

ఇది రాజకీయం కాదు, ఉత్త టెక్నికల్ ముచ్చట అనేటోళ్లకు ఒక లెక్క చెప్త. ఇంటెల్ 386 ప్రాసెసర్ 1985ల వచ్చింది. లైనక్స్ దాన్ని 3.8 వెర్షన్‌ల, 2013ల ఇడిశిపెట్టింది, 28 ఏండ్లకు. అదీ, ఆ పాత చిప్పు కోసం కోడ్ మోసుడు కష్టమైతున్నదని అందరి ముందట చర్చ చేసి. ఎన్విడియా 390 డ్రైవర్‌కు కంపెనీ మద్దతు మాత్రం 2022 చివరికి ఆగింది. ఆ డ్రైవర్ మీద ఆధారపడ్డ పాత గ్రాఫిక్ కార్డు కరాబు కాలేదు, కోడ్ చేతికి లేక మూలకు పడ్డది. నోవో అనే స్వేచ్ఛా డ్రైవర్ దాన్ని కొంత ఆదుకుంటది. అది స్పీడ్‌గ ఉండదు, కానీ టైపింగ్‌కు, బ్రౌజర్‌కు సరిపోతది.

అందుకే అన్నిటికన్న ముందు చెయ్యాల్సిన పని ఒక నోట్‌బుక్ పెట్టుడు. మిషన్‌కొక పేజీ. ప్రాసెసర్ ఏది, ఎన్ని బిట్లు, బయాసా యూఈఎఫ్ఐనా, గ్రాఫిక్ ఏది, వైఫై చిప్పు ఏది, నడుస్తున్న కెర్నెల్ ఏది. "ఎల్‌ఎస్‌పీసీఐ" కమాండ్‌కు "హైఫన్ కే" తగిలిస్తె ఒక్కో చిప్పు కింద దాన్ని నడిపే డ్రైవర్ పేరు చూపెడ్తది. అక్కడ "ఎన్విడియా" అనో, బ్రాడ్‌కామ్ వైఫై కాడ "డబ్ల్యూఎల్" అనో ఉంటె ఆ పేజీ మీద ఎర్ర గీత గీయండ్రి. అవి కెర్నెల్ బయటి డ్రైవర్లు. కెర్నెల్ మారినప్పుడల్ల వాటిని మళ్ల కట్టాలె. ఆ పని డీకేఎంఎస్ అనే సాధనం చేస్తది, కానీ కొత్త కెర్నెల్ హెడర్ల ప్యాకేజీ ఉంటెనే చేస్తది. వైఫై తప్ప నెట్ లేని లాప్‌టాప్‌ల హెడర్లు మరిచి రీబూట్ చేస్తె, హెడర్లు దించుకోను నెట్ ఉండదు. అసువంటప్పుడు ఫోన్‌ను యూఎస్‌బీ వైరుతోని కలిపి టెథరింగ్ పెట్టుకోవచ్చు. కొత్త మిషన్లల సెక్యూర్ బూట్ పెట్టి ఉంటె, ఇట్ల కట్టిన డ్రైవర్‌కు మనం సంతకం తాళం నమోదు చేసేదాక అది లోడ్ కాదు. ఎర్ర గీతలు లేని మిషన్లకు నూటికి తొంభై పాళ్లు గడబిడ ఉండదనేది నా అనుభవం. డెబియన్ 12 నుంచి ఫర్మ్‌వేర్‌ను వేరే విభాగంల పెట్టిన్రు, పాతదానికెళ్లి వచ్చినోళ్లు ఆ "నాన్ ఫ్రీ ఫర్మ్‌వేర్" లైను తమ లిస్టుల చేర్చుకోవాలె.

32 బిట్ మిషన్ల కాడ జర నిలవడదాం. డెబియన్ 13 విడుదల నోట్స్‌ల సాఫ్‌గ చెప్పిన్రు: 32 బిట్ వ్యవస్థ మీద ఉన్నోళ్లు 13కు రావొద్దు, వీలైతె 64 బిట్‌గ మళ్ల ఎక్కించుకోండ్రి, లేకుంటె ఆ మిషన్‌కు రిటైర్మెంట్ ఇయ్యుండ్రి అని. రిటైర్మెంట్ అనే మాట ఇన్నోళ్లు అక్కడనే ఆగుతరు, దాని ముందటి మాట ఇడుస్తరు. "32 బిట్ ఎక్కించి ఉంది" అనేది, "32 బిట్ ప్రాసెసర్" అనేది ఒకటి కాదు. ఒకప్పుడు 2 జీబీ ర్యామ్ ఉంటె చాలు, అలవాటుకొద్ది 32 బిట్ డిస్క్ పెట్టేటోళ్లు. "ఎల్‌ఎస్‌సీపీయూ" కొట్టి చూడండ్రి, అండ్ల 32, 64 రెండూ కనబడితె అది 64 బిట్ ప్రాసెసరే. కోర్ 2 డ్యూఓలన్నీ 64 బిట్టే. దాని ముందు వచ్చిన కోర్ డ్యూఓ కాదు. చిన్న నెట్‌బుక్‌లల్ల ఆటమ్ ఎన్270 ఉంటె అది ఒట్టి 32 బిట్, ఎన్450 ఉంటె 64. ఈ ఒక్క కమాండ్ కొట్టకనే పాత సామాన్లోనికి తూకానికి అమ్మిన మిషన్లున్నయి. నిజంగ 32 బిట్టే అయితె డెబియన్ 12 మీదనే ఉంచి, అండ్ల వచ్చినన్ని రోజులు మరమ్మతులు తీసుకోండ్రి. తర్వాత నెట్ వైరు పీకి టైపింగ్ నేర్పెతందుకు వాడుకోవచ్చు.

పని మొదలువెట్టేటప్పుడు ఏ మిషన్ ముందు? బాగ కొత్తది కాదు, బాగ పాతది కాదు. రూముల ఎక్కువున్న రకానిది ఒకటి, ఆగినా ఆ రోజు పని ఆగనిది. దాంట్ల ఎక్కించి ఒక వారం వాడాలె. బూట్ అయిందంటె అయిపోయినట్టు కాదు. ప్రింటర్, సౌండ్, ప్రొజెక్టర్, మూత పెట్టి తెరిస్తె లాప్‌టాప్ లేస్తదా, ఇవన్నీ చూడాలె. కెర్నెల్ మారినంక తకరారు వచ్చేది ఎక్కువ వీటికాడనే.

ఎక్కించే ముందు "బూట్" భాగంల జాగ చూసుకోండ్రి. డెబియన్ 13 నోట్స్ దానికి కనీసం 768 ఎంబీ ఉండాలె, 300 ఎంబీ దాక ఖాళీ ఉండాలె అంటయి. పాత మిషన్లల బూట్‌కు వేరే భాగం పెట్టినప్పుడు ఇంత జాగ ఇచ్చినోళ్లు తక్కువ. జాగ లేక సగం రాసి ఆగిన కెర్నెల్ బూట్ కాదు. చాలకుంటె ఎప్పుడో ఎక్కిన పాత కెర్నెళ్లు తీసెయ్యొచ్చు, కానీ ఇప్పుడు నడుస్తున్నదాన్ని ఉంచాలె. కొత్తది నిలిచిందని నమ్మకం కుదిరేదాక "ఆటోరిమూవ్" కొట్టొద్దు. గ్రబ్ మెనూల "అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్" లోపటికి పోతె పాత కెర్నెల్ పేరు కనబడాలె. అది కనబడినంతసేపు మీరు వెనక్కి రావచ్చు. ఆ మెనూ ఎట్ల తెరవాల్నో, బయాస్ మిషన్ల షిఫ్ట్ పట్టుకునుడు, యూఈఎఫ్ఐల ఎస్కేప్ కొట్టుడు, లైబ్రరీల కూసునే మనిషికి నేర్పి రావాలె. మనం ముప్పై కిలోమీటర్ల దూరంల ఉంటం.

దూరం ఉన్న మిషన్‌కు ఇంకొక ఉపాయముంది. గ్రబ్ సెట్టింగ్‌ల డిఫాల్ట్‌ను "సేవ్‌డ్" అని పెట్టి, "గ్రబ్ రీబూట్" కమాండ్‌తోని కొత్త కెర్నెల్‌ను ఒక్కసారికి మాత్రం ఎంచుకోవచ్చు. అది పడిపోతె తర్వాతి బూట్ల పాతదే వస్తది. కెర్నెల్ లైన్ల "పానిక్ ఈక్వల్స్ 10" అని చేరిస్తె, పానిక్ అయిన పది సెకండ్లకు తానే మళ్ల మొదలైతది. పానిక్ కాకుండ ఉత్తగ బిగుసుకుపోతె మాత్రం ఎవరో ఒకరు స్విచ్ కొట్టాలె. డిస్కు ఎల్‌వీఎం మీద గానీ బీటీఆర్‌ఎఫ్‌ఎస్ మీద గానీ ఉంటె ఈ ఉపాయం నమ్ముకోవద్దు, గ్రబ్ ఆ గుర్తును అక్కడ చెరపలేదు.

రాస్‌బెర్రీ పై ఉన్నోళ్లకు గ్రబ్ ఉండదు. కార్డుల మొదటి భాగంల ఉన్న కెర్నెల్ ఫైలునే అది చదువుకుంటది, మోడల్‌ను బట్టి ఫైలు వేరే. కాబట్టి అక్కడ వెనక్కి వచ్చే తొవ్వ ఒక్కటే, ముందుగాల ఎస్‌డీ కార్డును ఇంకొక కార్డుల నకలు తీసిపెట్టుడు. "ఆర్‌పీఐ అప్‌డేట్" అనే కమాండ్ ఇంకా పరీక్షల ఉన్న కెర్నెల్ తెస్తది. నెట్‌ల ఎవరో చెప్పిన్రని దాన్ని కొట్టొద్దు. మామూలు ఆప్ట్ అప్‌గ్రేడ్‌తోని వచ్చేది చాలు.

కొత్త కెర్నెల్‌తోని మిషన్ మెల్లగైంది అనే ఫిర్యాదు సుత వస్తది. అండ్ల కొంత నిజముంది. 2018ల మెల్ట్‌డౌన్, స్పెక్టర్ బయటవడ్డంక, ప్రాసెసర్ లోపాలకు అడ్డం కట్టే పని కెర్నెల్ మీద పడ్డది, ఆ భారం పాత ప్రాసెసర్లకు ఎక్కువ తగుల్తది. "మిటిగేషన్స్ ఆఫ్" అని పెడితె స్పీడ్ వస్తదని చెప్పేటోళ్లున్నరు. నెట్ లేని, ఒక్కరే వాడే మిషన్ల పెట్టుకోండ్రి. పదిమంది బ్యాంకు పాస్‌వర్డ్ కొట్టే మిషన్ల పెట్టుడు తప్పు. స్పీడ్ కావాలంటె పాత హార్డ్‌డిస్క్ తీసి ఎస్‌ఎస్‌డీ వెయ్యండ్రి.

ఇగ కరెంటు. కెర్నెల్ ఎక్కుతున్నప్పుడు కరెంటు పోయి, యూపీఎస్ లేకుంటె, ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ అనే ఫైలు సగంల ఆగుతది. ఘాబరా పడొద్దు. గ్రబ్‌ల పాత కెర్నెల్ ఎంచుకుని లోపటికి పోయి, "డీపీకేజీ కాన్ఫిగర్ ఆల్" కొడితె ఆగినకాడి నుంచి పూర్తి చేస్తది. బ్యాటరీ సచ్చిన లాప్‌టాప్‌లను ఎండాకాలం పగటిపూట ముట్టకుంటె ఇంకా మంచిది. పని అయినంక నోట్‌బుక్‌ల ఆ మిషన్ పేజీల తారీఖు, పాత కెర్నెల్ అంకె, కొత్త అంకె రాసి, ఆ నోట్‌బుక్‌ను మీ ఇంటికి తీసుకపోకుండ రూముల్నే పెట్టి రాండ్రి.